స్ప్రింగు కత్తెర: తెరిచే శ్రమ ఎక్కడికి పోతుంది?

కాగితం పూలు, గ్రీటింగ్ కార్డులు, స్క్రాప్‌బుక్కులు చేసేవాళ్ళు నలుగురు చేరితే కాసేపటికి మాట కత్తెరల మీదికి మళ్ళుతుంది. అందులోనూ నొక్కి వదిలితే తనంతట తానే తెరుచుకునే స్ప్రింగు కత్తెర ప్రస్తావన వచ్చిందంటే రెండు జట్లు తయారు. "స్ప్రింగు కత్తెర వాడాక నా చెయ్యి నొప్పి పోయింది" అని ఒకరు. "అది వాడాకే నాకు నొప్పి మొదలైంది" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చాలాసార్లు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రకం కత్తెర.

నా విషయంలో ఈ రెండూ వారం తేడాతో జరిగాయి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోందని స్ప్రింగు కత్తెర తెచ్చుకున్నాను. మొదటి వారం ప్రాణానికి హాయిగా ఉంది. తర్వాత ముంజేయి లోపలి వైపు, ఎప్పుడూ నొప్పి ఎరగని చోట, లాగడం మొదలైంది. కత్తెరలో ఏదో లోపం ఉందనుకున్నాను. తీరా చూస్తే లోపమేమీ లేదు, స్ప్రింగు ఏం చేస్తుందో నేనే సగం అర్థం చేసుకున్నాను.

## ఒక్క కోతలో రెండు పనులు

మామూలు కత్తెరతో ఒకసారి కత్తిరించడమంటే రెండు పనులు. పిడులు దగ్గరికి నొక్కడం ఒకటి, మళ్ళీ వాటిని విడదీయడం రెండోది. కాగితం తెగేది మొదటి పనిలోనే కాబట్టి మన దృష్టంతా దాని మీదే ఉంటుంది. రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెయ్యి మాత్రం తీసుకుంటుంది.

ఎందుకంటే ఈ రెండు పనులూ చేసేవి వేర్వేరు కండరాలు. వేళ్ళు ముడిచే కండరాలు ముంజేయి లోపలి వైపు, అంటే అరచేతి వైపు ఉంటాయి. వస్తువులు పట్టుకోవడం, బరువులు మోయడం వాటి పని కాబట్టి అవి బలమైనవి. వేళ్ళు చాచే కండరాలు ముంజేయి వెనక వైపు ఉంటాయి, వాటి బలం తక్కువ. నమ్మకం కుదరకపోతే వేళ్ళ చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేసి, వేళ్ళు చాస్తూ దాన్ని పదిసార్లు సాగదీసి చూడండి. పిడికిలి బిగించడానికి అక్కరకొచ్చే బలం అక్కడ కనిపించదు.

మామూలు కత్తెర తెరిచేటప్పుడు ఈ బలహీనమైన జట్టే పనిచేయాలి. ముఖ్యంగా బొటనవేలు రింగును పైకి నెట్టాలి. బొటనవేలిని అరచేతి నుంచి దూరంగా లాగే స్నాయువులు మణికట్టు పక్కన ఒక ఇరుకైన గొట్టం లాంటి తొడుగులోంచి వెళతాయి. అదే కదలిక పదే పదే జరిగితే అక్కడ ఒరిపిడి పెరిగి, వాచి, నొప్పి పెట్టొచ్చు. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రచికిత్స వైద్యుడి పేరు మీద ఈ బాధను డి క్వెర్వేన్ అంటారు. కత్తెర పట్టడం వల్ల వచ్చే ప్రతి నొప్పీ అదేనని కాదు. తెరవడం కూడా పనే అని, దానికీ ఒక ఖరీదు ఉందని చెప్పడానికి ఈ ప్రస్తావన.

స్ప్రింగు కత్తెరలో ఈ రెండో పని చేతిది కాదు. నొక్కి వదిలితే పిడులు వాటంతట అవే విచ్చుకుంటాయి. మరి ఆ విచ్చుకునే బలం స్ప్రింగుకు ఎక్కడిది? మీరు నొక్కినప్పుడు ఇచ్చిందే. కాగితాన్ని కోయడానికి ఎంత బలం కావాలో అంత నొక్కి, దాని మీద స్ప్రింగును అణచడానికి ఇంకొంత నొక్కుతారు. ఆ ఇంకొంతనే స్ప్రింగు దాచుకుని, తెరిచేటప్పుడు తిరిగిస్తుంది. అంటే తెరిచే శ్రమ మాయం కాలేదు. ముంజేయి వెనక నుంచి ముందు వైపుకు బదిలీ అయింది. బలమున్న కండరానికి పని ఇవ్వడం చాలామందికి లాభమే. ఆ బలమున్న కండరమే అప్పటికి అలిసిపోయి ఉంటే?

## పలుచని కాగితం, మందపాటి కార్డు: ఒక లెక్క

ఒక పెద్ద కాగితం పూవు చేస్తున్నారనుకుందాం. నలభై రేకులు, ఒక్కో రేకుకు పన్నెండు కోతలు. మొత్తం 480 సార్లు కత్తెర మూసుకుని తెరుచుకోవాలి. ఇకపై వేసే అంకెలు కొలిచి రాసినవి కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

పూవు టిష్యూ లాంటి పలుచని కాగితంతో అయితే, ఒక్కో కోతకు పిడి మీద 150 గ్రాముల బరువంత నొక్కు చాలు అనుకోండి. కత్తెరలోని స్ప్రింగు పూర్తిగా అణగడానికి 400 గ్రాములు కావాలి. మామూలు కత్తెరతో నొక్కేది 150. స్ప్రింగు కత్తెరతో 550. కాగితం కోయడానికి అవసరమైనదానికి మూడున్నర రెట్లకు పైగా. 480 సార్లు మీరు ప్రధానంగా కోస్తున్నది కాగితాన్ని కాదు, అణుస్తున్నది స్ప్రింగును.

అదే పూవు మందపాటి కార్డుతో చేస్తే? కోతకు 2000 గ్రాముల నొక్కు కావాలనుకుందాం. స్ప్రింగుతో కలిపి 2400. పెరిగింది అయిదో వంతే. దానికి బదులుగా 480 సార్లు తెరిచే పని తప్పింది. ఈ బేరం బాగుంది.

ఇదొక్కటి పట్టుకుంటే సగం గందరగోళం విడిపోతుంది. స్ప్రింగు ఇచ్చే ఉపశమనం ఏ కాగితానికైనా ఒకటే, కానీ అది వసూలు చేసే సుంకం పలుచని కాగితం దగ్గర పెద్దగా, మందపాటి కాగితం దగ్గర చిన్నగా తోస్తుంది. ఆ సుంకం ఎంతో తెలియాలంటే కాగితమే అక్కర్లేదు. ఖాళీ కత్తెరను చివరిదాకా నొక్కితే చేతికి తెలిసేదంతా, ఇరుసు దగ్గరి కాస్త ఒరిపిడి తప్ప, స్ప్రింగు బరువే.

మందం మాట వచ్చింది కాబట్టి జీఎస్ఎం సంగతి. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. ప్రింటరులో వేసే కాగితం సాధారణంగా 80 జీఎస్ఎం. ఏ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి ఒక్కో కాగితం 5 గ్రాములు. కార్డ్‌స్టాక్ అనే మందపాటి కాగితం ఎక్కువగా 200 నుంచి 300 దాకా ఉంటుంది. టిష్యూ 20కి అటూ ఇటూ. అయితే జీఎస్ఎం బరువును చెబుతుంది, మందాన్ని కాదు. గుల్లగా ఉండే కాగితం, గట్టిగా నొక్కి తయారుచేసిన కాగితం ఒకే జీఎస్ఎంలో వేర్వేరు మందాల్లో ఉండొచ్చు, కత్తెర కింద వేర్వేరుగా ప్రవర్తించొచ్చు. మెరుపు పొడి అద్దిన కార్డు సంగతి ఇక చెప్పక్కర్లేదు. దాన్ని కోస్తుంటే వచ్చే చప్పుడుకే బ్లేడు మీద జాలేస్తుంది.

## మొన దగ్గరే ఎందుకంత బరువు

కత్తెర అంటే ఒకే ఇరుసు మీద తిరిగే రెండు మీటలు. మనం నొక్కే చోటు ఇరుసుకు ఎంత దూరమైతే అంత లాభం. కోసే చోటు ఇరుసుకు ఎంత దూరమైతే అంత నష్టం.

వేళ్ళు నొక్కే చోటు ఇరుసుకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. కాగితం ఎదురు బలం ఒక కిలో. ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలో కోస్తే పిడి మీద పావు కిలో నొక్కు చాలు. 8 సెంటీమీటర్ల దూరంలో, మొనతో కోస్తే పూర్తి కిలో కావాలి. కాగితం అదే, కత్తెర అదే, చెయ్యి అదే. నాలుగు రెట్ల తేడా.

ఇప్పుడు దీనికి స్ప్రింగును కలపండి. స్ప్రింగును ఎంత అణిస్తే అంత ఎదురు తిరుగుతుంది. ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం సారం ఇదే. కత్తెర పూర్తిగా మూసుకునే క్షణంలో స్ప్రింగు ఎక్కువగా అణిగి ఉంటుంది. కోత మొన దాకా చేరేదీ ఆ క్షణంలోనే. అంటే మీటలో మనం బాగా నష్టపోయే చోటు, స్ప్రింగు గట్టిగా ఎదురుతిరిగే చోటు రెండూ ఒకటే. ప్రతి కోతనూ మొన దాకా మూసే అలవాటున్నవాళ్ళు "స్ప్రింగు బిగువుగా ఉంది" అంటే, బ్లేడు మధ్యలో కోసుకుంటూ పోయేవాళ్ళు "ఎక్కడ బిగువు?" అని ఆశ్చర్యపోవడానికి కారణం ఇది.

చిన్న బ్లేడు, పొడుగు పిడి ఉన్న కత్తెరలు సన్నపనికి ఎందుకు ఇష్టపడతారో కూడా ఈ లెక్కే చెబుతుంది. బ్లేడు 4 సెంటీమీటర్లే ఉంటే మొన దగ్గర కూడా మనకు రెండింతల లాభం మిగులుతుంది. బదులుగా పొడుగాటి గీత కోయాలంటే ఎక్కువసార్లు మూసి తెరవాలి. గీత కాస్త మెట్లు మెట్లుగా వచ్చే ప్రమాదమూ ఉంది. చిన్న కత్తెర అంటే సున్నితమైన పని, పెద్ద కత్తెర అంటే మోటు పని అనుకోవడమూ పొరపాటే. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన చిత్రకారుడు హెన్రీ మతీస్, రంగులద్దిన కాగితాల్ని కోసి చేసిన బొమ్మలకు వాడింది దర్జీలు వాడేలాంటి పెద్ద కత్తెర. పొడవైన, ఆగని వంపులు ఆయనకు కావాలి. అలాంటి వంపు చిన్న బ్లేడుకు దొరకదు.

## స్ప్రింగు ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది

స్ప్రింగు కత్తెర ఈ మధ్య వచ్చిన కొత్త సౌకర్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి వరస తలకిందులు. వెనక వైపు వంచిన పట్టీతో కలిసి ఉన్న రెండు కంచు బ్లేడ్లు, నొక్కితే మూసుకుని వదిలితే విచ్చుకునేవి, మూడు వేల ఏళ్ళకు పైబడిన వస్తువు. మధ్యలో ఇరుసున్న కత్తెర రోమన్ల కాలానికి గానీ కనిపించదు. మనం "మామూలు కత్తెర" అనేదే తర్వాత వచ్చింది.

ఇప్పుడు దొరికేవాటిలో ప్రధానంగా మూడు తరహాలు. రెండు పిడుల మధ్య పలుచని ఉక్కు పట్టీ గానీ, పెన్నులో ఉండేలాంటి చుట్ట స్ప్రింగు గానీ పెట్టినవి ఒకటి. స్ప్రింగు బయటికి కనిపిస్తుంది కాబట్టి దాని వాటం తెలుస్తుంది, కాగితం ముక్కలు అందులో ఇరుక్కుంటాయి కూడా. స్ప్రింగును ఇరుసు దగ్గర తొడుగు లోపల దాచినవి రెండోవి. చూడ్డానికి బాగుంటాయి, శుభ్రంగా ఉంటాయి. స్ప్రింగు అలిసిపోతే మాత్రం చేయగలిగింది తక్కువ. మూడోది లూప్ కత్తెర. వేళ్ళకు రింగులే ఉండవు, వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ వలయమే స్ప్రింగు. నాలుగు వేళ్ళు, అరచెయ్యి కలిపి పిండినట్టు నొక్కాలి. చేతి పట్టు తక్కువైనవాళ్ళకు, కత్తెర పట్టడం నేర్చుకుంటున్న పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో తర్ఫీదునిచ్చే నిపుణులు, చూపించే రకం ఇది. బొటనవేలి మొదటి కీలు అరిగినవాళ్ళకు రింగు లేకపోవడమే పెద్ద ఊరట. బొటనవేలు, చూపుడు వేలు కలిపి పట్టినప్పుడు వేలి కొస మీద పడే బలం ఆ కీలు దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది. అరచెయ్యంతా పంచుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

రింగులున్న స్ప్రింగు కత్తెరకు ఒక అదనపు ధీమా ఉంది. స్ప్రింగు విరిగినా మామూలు కత్తెరలా వాడుకోవచ్చు. రింగుల్లేనిదైతే స్ప్రింగుతో పాటే కత్తెర ఆయుష్షూ తీరింది.

వాడనప్పుడు మూసి ఉంచే గొళ్ళెం చాలా చిన్న విషయమే, అయినా సరైన చోట లేకపోతే కోత మధ్యలో బొటనవేలు తగిలి కత్తెర టక్కున లాక్ అవుతుంది. ఆ క్షణంలో వచ్చే కోపం చిన్నది కాదు.

## చెయ్యి సైజూ పిడుల మధ్య దూరమూ

పిడికిలి మరీ మూసుకుని ఉన్నా, మరీ తెరుచుకుని ఉన్నా బలం తగ్గుతుంది. మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువ. మామూలు కత్తెరలో ఎంత తెరవాలో మీ ఇష్టం. స్ప్రింగు కత్తెరలో ఆ నిర్ణయం స్ప్రింగుది. ప్రతిసారీ అది వెళ్ళగలిగినంత దూరం వెళుతుంది. చిన్న చేతులవాళ్ళకు ఆ దూరం ఎక్కువైతే వేళ్ళు చాచుకుని, బలం తక్కువున్న స్థితిలోంచి ప్రతి కోతనూ మొదలుపెట్టాలి.

దీనికి అంకెలున్నాయి. అమెరికాలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యాలపై పరిశోధించే నియోష్ సంస్థ, కాలిఫోర్నియా అధికారులతో కలిసి 2004లో చేతి పనిముట్ల ఎంపిక మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. రెండు పిడులున్న పనిముట్లకు అది చెప్పిన కొలతలివి: సున్నితమైన పనికైతే పిడుల మధ్య దూరం మూసినప్పుడు ఒక అంగుళానికి తగ్గకూడదు, తెరిచినప్పుడు మూడు అంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు దాటకూడదు. బలం పెట్టే పనికైతే మూసినప్పుడు కనీసం రెండు అంగుళాలు, తెరిచినప్పుడు గరిష్ఠంగా మూడున్నర. ఇలాంటి పనిముట్లకు తిరిగి తెరుచుకునే స్ప్రింగు ఉండటం మంచిదనీ ఆ మార్గదర్శినే అంటుంది. అది పనివాళ్ళు పనిచేసే చోట్లను, కటింగ్ ప్లయర్ల లాంటి వస్తువులను దృష్టిలో పెట్టుకుని రాసింది. కాగితం పనికి అక్షరాలా వర్తింపజేయలేం కానీ, స్ప్రింగును మెచ్చుకున్న చోటే దూరాలకూ హద్దు పెట్టిందన్నది గమనించాలి.

డబ్బా మీద "ఎర్గోనామిక్", అంటే ఒంటికి అనువైనది, అని రాసి ఉంటే సరిపోదా అంటే, ఆ మాట అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరి చేతికి ఎర్గోనామిక్ అన్నది డబ్బా చెప్పదు.

## పట్టు తప్పుతుందనే వాదన

స్ప్రింగు వద్దనేవాళ్ళలో ఎక్కువమంది సన్నపని చేసేవాళ్ళు. అచ్చైన బొమ్మను దాని అంచు వెంబడే కోసి తీయడాన్ని ఫస్సీ కటింగ్ అంటారు. సీతాకోకచిలుక మీసాలు, ఆకుల మధ్య సందులు, అక్షరాల లోపలి ఖాళీలు ఇలాంటి చోట్ల కత్తెర కాస్తే తెరుచుకోవాలి. మొనను చిన్న రంధ్రంలో దూర్చి ఒక కోత వేశాక చెయ్యి కొంచెం సడలిందా, స్ప్రింగు బ్లేడ్లను పూర్తిగా విప్పుతుంది, రంధ్రం చుట్టూ ఉన్న కాగితం చిరుగుతుంది. గంటసేపు కూర్చుని కోసిన మీసం ఆఖర్న అలా పోతే ఎవరికైనా ఉసూరుమంటుంది.

అలా కాకుండా వేళ్ళతో ఆపి సగమే తెరవచ్చు కదా అంటారు. ఆపొచ్చు. కానీ స్ప్రింగును సగంలో ఆపి ఉంచడమంటే కండరాన్ని కదలకుండా బిగించి ఉంచడం. బిగుసుకున్న కండరంలో రక్తప్రసరణ తగ్గుతుంది, నొక్కి వదిలే కండరం కంటే త్వరగా అలుస్తుంది. మామూలు కత్తెర సగం తెరిచిన చోట ఊరికే ఉంటుంది, ఎవరూ దాన్ని పట్టి ఉంచక్కర్లేదు.

స్ప్రింగును సమర్థించేవాళ్ళ జవాబులోనూ పస ఉంది. నొప్పి పెడుతున్న చేతికి అదుపు ఎక్కడిది? తెరిచేటప్పుడు బొటనవేలు వణికే వ్యక్తికి స్ప్రింగు వల్లే కోత తిన్నగా వస్తుంది, ఎందుకంటే తెరుచుకునే తీరు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. పైగా స్ప్రింగు కత్తెరలన్నీ ఒక్కటి కాదు. మెత్తటి స్ప్రింగు, చిన్న మొన ఉన్నవాటితో ఫస్సీ కటింగ్ చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తోచినంతలో అంచు వెంబడి పనికి ఈ వాదన నిలుస్తుంది, లోపలి రంధ్రాల పనికి నిలవదు. లోపలి రంధ్రాలకైతే కత్తెర కంటే క్రాఫ్ట్ కత్తే నయమనే మూడో జట్టు కూడా ఉంది, వాళ్ళ మాటా తోసేయలేం.

## స్ప్రింగు మీద పడే నిందలు

స్ప్రింగు బలహీనపడిందని పక్కన పడేసిన కత్తెరల్లో చాలావాటికి అసలు జబ్బు జిగురు. రెండు వైపులా అంటుకునే టేపు, స్టిక్కర్లు కోసినప్పుడు బ్లేడ్ల లోపలి వైపు జిడ్డు పేరుకుంటుంది. మామూలు కత్తెరలో దాన్ని చెయ్యి గమనించకుండానే లాగేస్తుంది. స్ప్రింగుకు ఉన్నది దాని బలమే కాబట్టి అది ఓడిపోతుంది, కత్తెర సగంలో ఆగిపోతుంది. జిగురు అంటని పూత ఉన్న బ్లేడ్లు ఇక్కడ మామూలు కత్తెరకంటే స్ప్రింగు కత్తెరకే ఎక్కువ ఉపయోగం.

దీనికి తిరగేసిన సమస్య ఇరుసు వదులు కావడం. మామూలు కత్తెరను బాగా తెరిచి ఒక పిడిని వదిలేస్తే అది కొంత దూరం జారి ఆగాలి. ఆగకుండా టపీమని మూసుకుంటే ఇరుసు వదులు, కదలకపోతే బిగువు. స్ప్రింగు కత్తెరకు ఈ పరీక్ష పనికిరాదు, పిడిని స్ప్రింగు పట్టుకుని ఉంటుంది కదా. ఇరుసు వదులైన సంగతి కాగితం బ్లేడ్ల మధ్య మడతపడి నలిగినప్పుడే బయటపడుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా నొక్కుతాం.

మొద్దుబారిన బ్లేడుదీ ఇదే దారి. కాగితం మెత్తనిదే కానీ, తెల్లగా, నున్నగా ఉండటానికి అందులో కాల్షియం కార్బొనేట్, చైనా మట్టి లాంటి ఖనిజాల పొడి కలుపుతారు. అంచు అరిగేది ఎక్కువగా వాటివల్లే. కొత్తలో 150 గ్రాములతో తెగిన కాగితానికి ఆరు నెలలకు 300 కావాలంటే, చేతికి తెలిసేది "స్ప్రింగు బిగుసుకుంది" అని. సన్నని పళ్ళున్న అంచుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అవి కాగితాన్ని జారనివ్వవు, కానీ తెగిన అంచును దగ్గరగా చూస్తే కాస్త గరుకుగా ఉంటుంది. పూల రేకుల్లో అది కనపడదు, నున్నని కార్డు అంచులో కనపడుతుంది. పదునైన మామూలు కత్తెర, మొద్దుబారిన స్ప్రింగు కత్తెర పక్కపక్కన పెడితే చేతికి హాయినిచ్చేది మొదటిదే. అన్ని రకాల కత్తెరలూ వాడి చూసినవాళ్ళు స్ప్రింగు కంటే పదును గురించే ఎక్కువ మాట్లాడటం అందుకే.

## ఎడమచేతివాళ్ళ చిక్కు

రింగులు లేని స్ప్రింగు కత్తెర మీద "రెండు చేతులకూ" అని రాసి ఉండటం మామూలే. పిడి వరకు అది నిజం. బ్లేడు ఏ చేతిదన్నది వేరే ప్రశ్న.

కుడిచేతి కత్తెరలో పై బ్లేడు కుడి వైపు ఉంటుంది. కుడిచేతితో నొక్కినప్పుడు బొటనవేలు, వేళ్ళు వాటికి తెలియకుండానే బ్లేడ్లను ఒకదానికొకటి ఆనిస్తాయి, గీత ఎడమ పక్కన కళ్ళకు కనపడుతుంది. అదే కత్తెర ఎడమచేతిలోకి వెళితే ఆ పక్క ఒత్తిడి బ్లేడ్లను విడదీసే వైపు పనిచేస్తుంది, గీతను పై బ్లేడు కప్పేస్తుంది. రింగుల్లేని కత్తెరలో అరచేత్తో పిండుతాం కాబట్టి ఈ పక్క ఒత్తిడి తగ్గొచ్చు, గీత మాత్రం దాక్కునే ఉంటుంది. దాన్ని చూడటానికి మణికట్టు వంచి, మెడ వంచి కూర్చుంటారు. ఆ భంగిమ వల్ల వచ్చే నొప్పిని ఏ స్ప్రింగూ తీర్చలేదు. ఎడమ బ్లేడు పైకి ఉండేలా చేసినదే అసలైన ఎడమచేతి కత్తెర.

## నాలుగు చేతులు, నాలుగు జవాబులు

ఒకావిడ వారమంతా 300 జీఎస్ఎం కార్డుతో డబ్బాలు చేస్తారు. నొప్పి బొటనవేలి పక్కన, తెరిచేటప్పుడు. ఆవిడ విషయంలో స్ప్రింగు మీద సందేహమేమీ లేదు. కార్డు ఎదురు బలం ముందు స్ప్రింగు సుంకం లెక్కలోకి రాదు, నొప్పి పెట్టే కదలికే తప్పిపోతుంది.

రెండో వ్యక్తి టిష్యూ పూలు చేస్తారు. నొప్పి ముంజేయి లోపలి వైపు, సాయంత్రానికి పిడికిలి బిగుసుకోదు. ఈయనకు స్ప్రింగు కత్తెర ఇస్తే అలిసిన కండరానికే అదనపు పని ఇచ్చినట్టు. పదునైన, తేలిగ్గా తిరిగే మామూలు కత్తెర ఈ చేతికి నప్పుతుంది, లేదా రెండు వేళ్ళతో అణిగేంత మెత్తటి స్ప్రింగు. నా వారం రోజుల హాయి వెనక ఉన్న కథ దాదాపు ఇదే.

మూడో వ్యక్తికి నొప్పి కంటే తిమ్మిరి ఎక్కువ. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిళ్ళు మొద్దుబారి మెలకువ వస్తుంది. ఇది మణికట్టులో నరం నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. ఇక్కడ చర్చించాల్సింది కత్తెర రకం గురించి కాదు, చూపించుకోవాల్సింది డాక్టరుకు.

నాలుగో వ్యక్తి పనికి ఒకసారి కూర్చుంటే కార్డు, పలుచని కాగితం, స్టిక్కర్లు అన్నీ కోస్తారు. నిజానికి మనలో ఎక్కువమంది ఈ నాలుగో వ్యక్తే. అన్నిటికీ ఒకటే కత్తెర వెతికితే దేనికో ఒకదానికి రాజీ తప్పదు. రెండు ఉంటే ఇంకో లాభం, కత్తెర మార్చినప్పుడల్లా పనిచేసే కండరాలు కూడా కొంత మారతాయి. నా బల్ల మీద ఇప్పుడు కార్డుకు స్ప్రింగుది, రేకులకు చిన్న మామూలుది పక్కపక్కనే ఉంటాయి. టేపు కోసే పాత కత్తెర మూడోది. దాన్ని మిగతా రెండిటి దగ్గరికి రానివ్వను.